దూసర తీగ, డెంగీ మందు, మన వాటా



దూసర తీగ మనలో చాలామందికి తెలిసిందే. కంచెల మీద, పొదల మీద అల్లుకుంటది. ఆకు నలిపి నీళ్లలో పిండి పక్కన పెడితే కాసేపటికి జున్నులా గడ్డకడుతుంది. ఒంట్లో వేడి తగ్గాలని తాగిస్తారు. ఇప్పుడు ఈ తీగ పేరు డెంగీ పరిశోధనల్లో వినిపిస్తోంది. అక్కడి దాకా ఎట్లా పోయిందో, ఆ దారిలో మనం ఎక్కడున్నామో చూద్దాం.

డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది వైరస్ ఒక్కటే కాదు. దాన్ని తరమడానికి మన శరీరమే టీఎన్ఎఫ్-ఆల్ఫా లాంటి పదార్థాలను వదులుతుంది. అవి హద్దు దాటితే లోపల వాపు పెరిగి, సన్న రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయి, బీపీ పడిపోతుంది. అందుకే వైరస్‌నూ, ఈ వాపునూ రెండింటినీ తగ్గించే మందు కోసం వెతుకుతున్నారు.

ఢిల్లీలోని ఐసీజీఈబీ శాస్త్రవేత్తలు ఆయుర్వేదం ఆధారంగా మొక్కల్ని పరీక్షించారు. దూసర తీగ కుటుంబానికే చెందిన పాఠ తీగ సారం నాలుగు రకాల డెంగీ వైరస్‌లనూ అడ్డుకుందని, టీఎన్ఎఫ్-ఆల్ఫాను తగ్గించిందని 2015లో ప్రకటించారు. తర్వాత సన్ ఫార్మాతో కలిసి దూసర తీగ సారం మీద పనిచేశారు. అది డెంగీ సోకిన చిట్టెలుకలను కాపాడిందని 2021లో పేపర్ వచ్చింది.

సంతోషమే. కానీ ఘనత గ్రంథానికి దక్కింది. అడవిలో ఆ తీగల్ని వాడుతూ కాపాడిన వాళ్ల సంగతేంటి?

కేరళలో కాణి తెగ కథ గుర్తు చేసుకుందాం. 1987లో అగస్త్యమల కొండల్లో శాస్త్రవేత్తలకు దారి చూపిన కాణీలు అలసట రాకుండా ఆరోగ్యపచ్చ పండ్లు తిన్నారు. దాని నుంచే ‘జీవని’ మందు పుట్టింది. లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం కాణీలకు ఇవ్వాలని ఒప్పందమైంది. 1997లో వాళ్ల ట్రస్టు ఏర్పడింది. మమ్మల్ని అడగలేదని కొందరు కాణి వైద్యులు అభ్యంతరం చెప్పారు కూడా. ఎన్ని లోపాలున్నా, వాటా అనే మాట అక్కడ నిలబడింది.

మన దగ్గర 2002 జీవవైవిధ్య చట్టం ఆ వాటాకు దారి చూపింది. 2023 సవరణ మాత్రం గ్రంథాల్లో నమోదైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునే వాళ్లకు వాటా చెల్లింపు నుంచి మినహాయింపు ఇచ్చింది. అంటే ఒకే తీగ గురించి పుస్తకంలో ఉంటే ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. మన అవ్వల నోట్లోనే ఉంటే, అది మనదని చూపించే కాగితం ఉండదు.

అందుకే చదువుకున్న మనం రెండు పనులు చేయాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఇచ్చింది. గ్రామసభలో ఆ హక్కు అడగాలి. ఊరి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో ఏం రాయాలో, ఏం బయటపెట్టకూడదో పెద్దల్ని అడిగి తేల్చుకోవాలి.

ఒక్క మాట మరవొద్దు. ఎలుకల్లో పనిచేసిన సారం, ఇంట్లో పిండిన పసరు ఒకటి కావు. డెంగీ అనుమానం ఉంటే రక్త పరీక్ష చేయించాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మన జ్ఞానం కోసం కొట్లాడాలన్నా ముందు మన మనుషులు బతకాలి కదా.