కాలం గాని ఏళ్లు

నిజామాబాద్ పల్లెల్లో వానలు సరిగ్గా పడకపోతే "ఈ యేడు కాలం గాలే" అంటారు. వాన, పంట, ఇంటి ఖర్చు, పిల్ల పెళ్లి, అన్నీ ఆ ఒక్క 'కాలం'లోనే ఉంటాయి. సొంత ఊళ్లో ఉంటూనే ఆ ఊరు కళ్లముందు చెదిరిపోతుంటే కలిగే బాధకి ఆస్ట్రేలియా తత్వవేత్త గ్లెన్ ఆల్‌బ్రెక్ట్ 2003లో 'సొలాస్టాల్జియా' అని పేరు పెట్టాడు. న్యూ సౌత్ వేల్స్ బొగ్గుగనుల పక్కన బతికేవాళ్లని చూసి కట్టిన మాట అది. చదవగానే నాకు బోధన్ గుర్తొచ్చింది.

ఈ దిగులు మనవాళ్లకి కొత్తదేం కాదు. వానలు వెనకపడితే రోకలికి కప్పని కట్టి, పిల్లలు కప్పతల్లి ఆడుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. ప్రతి ఇంటివాళ్లూ చెంబెడు నీళ్లు పోసేవాళ్లు. కొన్ని ఊళ్లలో విరాటపర్వం చదివించేవాళ్లు. దానివల్ల వాన పడిందా అన్న సంగతి పక్కన పెడదాం. ఎవరి భయం వాళ్లింట్లో మగ్గకుండా వాకిట్లోకి వచ్చేది.

తర్వాత నిజాంసాగర్ వచ్చింది. అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మంజీర మీద పని మొదలై, 1931కి పూర్తయింది. 2.75 లక్షల ఎకరాలు దాని లక్ష్యం. ఆ కాలువల్ని నమ్ముకుని చెరుకు పెరిగింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. చెరుకు దాదాపు ఏడాది పొడుగునా నీళ్లడిగే పంట. ఆకాశం వైపు చూసే కళ్లు మెల్లగా కాలువ వైపు తిరిగాయి. కప్పతల్లితో పని తగ్గింది.

కానీ కట్ట వెనక పూడిక పేరుకుంటూనే ఉంది. మొదట్లో 29.7 టీఎంసీలు పట్టిన జలాశయం సామర్థ్యం ఇప్పుడు 17.8. ఎగువన సింగూరు కట్టాక మంజీర నీళ్లు హైదరాబాద్ నల్లాల్లోకీ వెళ్లాయి. 2015లో కాలం గాలేదు. అదే డిసెంబర్లో ఫ్యాక్టరీ మూతపడింది. 2016 ఎండలకి జలాశయాలు అడుగంటాయి. ఆ సెప్టెంబర్ చివర్లో మళ్లీ వరద.

కరువూ మూతా ఒకే ఏడాది వచ్చేసరికి మనం రెండింటినీ కలిపి ఒకే ఏడుపు ఏడుస్తాం. అక్కడే పొరపాటు పడుతున్నామని నాకనిపిస్తుంది. ఫ్యాక్టరీలో పెద్ద వాటా 2002లోనే ప్రైవేటు చేతికి వెళ్లింది. అది మేఘాలు తీసుకున్న నిర్ణయం కాదు. పూడిక ఒక కారణం, నగరం దాహం ఇంకో కారణం, గతి తప్పుతున్న వానలు మరొకటి. అన్నీ వాతావరణ మార్పు ఖాతాలో రాసేస్తే ఎవర్నీ ఏమీ అడగలేం. అడగలేని కోపమే లోపల దిగులై కూర్చుంటుంది. విడదీసి చూస్తే బాధ తగ్గకపోవచ్చు గానీ, దేనికి ఏడవాలో, ఎవర్ని నిలదియ్యాలో తెలుస్తుంది.

ఆ లెక్కలో నా పేరూ ఉంది. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని కోడ్ రాసుకుంటూ మంజీర నీళ్లు తాగేవాణ్ణి.

మొన్న ఊరికెళ్లినప్పుడు మా పెద్దమ్మనడిగాను, 2015లో కప్పతల్లి ఆడారా అని.

"ఎవరున్నరు బిడ్డా ఆడేటందుకు? పోరగాండ్లంత మీ హైదరాబాద్‌లనే ఉండిరి గద" అంది.