గోడలోకి ఒక అడుగు

టికెట్ చేతిలో ఉంది. మ్యూజియమే ఎక్కడా కనబడడం లేదు.

జపాన్‌లో, సెటో సముద్రం నడుమ నవోషిమా దీవి ఇది. దారి పక్కన చిన్న కొలను, అందులో కలువలు. ఫ్రెంచి చిత్రకారుడు మోనే తోటను తలపించేలా పెంచారు. మలుపు తిరగ్గానే ఒక కాంక్రీటు గోడ, అందులో వాకిలి. అంతే. మిగతాదంతా కొండ కడుపులో ఉంది. ఇంత అందమైన కొండను చెడగొట్టకూడదని, వాస్తుశిల్పి తడావో ఆండో చిచూ మ్యూజియాన్ని దాదాపు మొత్తం భూమిలోనే కట్టాడు. 2004లో తెరిచారు.

లోపలికి రండి. మసక నడవ. ఉన్నట్టుండి నెత్తిన ఆకాశం. చుట్టూ నిలువు గోడలు, మధ్యలో ఆకుల్లేని పచ్చటి కాడలు గుంపుగా లేచి ఉన్నాయి. ఇంకో నడవలో గోడే పక్కకు ఒరిగింది. ఒరిగింది గోడా, మీరా? ఒక్క క్షణం కాళ్లు తడబడతాయి.

తర్వాత మోనే గది. ఇక్కడ బూట్లు విప్పాలి. చెప్పులు వాళ్లే ఇస్తారు. నేలంతా చిన్న చిన్న తెల్ల పాలరాతి ముక్కలు. గది మూలలు గుండ్రంగా నున్నగా ఉన్నాయి. చుట్టూ మోనే కలువలు, ఐదు చిత్రాలు. బయట మబ్బు కమ్మినట్టుంది, మీ కళ్ల ముందే నీలం మసకబారింది. పైనుంచి దిగే పగటి వెలుతురు తప్ప ఈ గదిలో దీపమే లేదు మరి. పొద్దున వచ్చినవాళ్లు చూసిన బొమ్మ సాయంత్రం వచ్చినవాళ్లకు దొరకదు.

తర్వాతి గదిలో మెట్ల నడుమ రాతి గుండు, 2.2 మీటర్ల అడ్డకొలత. కళాకారుడు వాల్టర్ డి మరియా పెట్టాడు. కదిలితే సూటిగా మీ మీదికే. గోడల పొడుగునా బంగారు పూత పూసిన చెక్క దిమ్మెలు, మొత్తం 27. కాసేపు కూర్చోవచ్చు గానీ, అసలు పరీక్ష పక్క గదిలో ఉంది.

ఇది కళాకారుడు జేమ్స్ టరెల్ గది. మళ్లీ బూట్లు విప్పండి. ఎదురుగా మెట్లు, పైన గోడ మీద నీలి పలక. తెల్లబట్టల ఉద్యోగిని ఎక్కమని సైగ చేస్తోంది. ఎక్కారు. నీలం మూరెడు దూరంలో ఉంది. ఇంకా ముందుకి రమ్మంటోంది.

ముందు గోడ కదా?

చెయ్యి చాచండి. ఏమీ తగలదు.

అడుగు వెయ్యండి.

గోడ లేదు. అంతా నీలం. మీ నీడ లేదు. మూల లేదు. పాదాల కింద నేల వాలుతోంది. ఇంకో అడుగు. ఇంకొకటి.

"ఆగండి!"

ఆగారు. నేల అక్కడితో సరి.

దూరం కొలవడానికి కంటికి ఒక అంచో, నీడో, గీతో కావాలి. టరెల్ అవన్నీ తుడిచేశాడు. ఇప్పుడు వెనక్కి తిరగండి. మీరొచ్చిన గది నారింజ రంగులో మండుతోంది!  ఇంతసేపూ నీలంలో నానిన మీ కన్ను ఆ రంగుకు ఇంకాస్త మెరుగు పెడుతోంది.

చాలామంది మోనే పేరు చూసి వస్తారు. నన్నడిగితే మాత్రం, ఈ నీలం ఒక్కటి చాలు దీవిదాకా రావడానికి. వచ్చేముందు ఆన్‌లైన్‌లో మీ సమయం బుక్ చేసుకోండి, సోమవారాలు వదిలెయ్యండి. చిల్లుల్లేని సాక్సులు వేసుకోండి.