జొన్న గటక నుంచి నయాసిన్ దాకా: దిగులుకు విటమిన్ మందైన వైనం

విటమిన్ లోపమే మనోవ్యాధిగా బయటపడి, ఆ విటమినే మందుగా పనిచేసే జబ్బుల్లో అందరికంటే ముందు చెప్పుకోవలసింది పెల్లాగ్రా. బి విటమిన్ల కుటుంబంలోని నయాసిన్ లోపిస్తే ఇది వస్తుంది. ఎండ తగిలే చోట్ల, అంటే ముంజేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ హారం వేసినట్టుగా చర్మం నల్లబడి పొట్టు రేగుతుంది. నోరు పూస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. చాలామందిలో నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, తరగని దిగులు కూడా తోడవుతాయి. వైద్యం అందకపోతే మతి చలించి, ప్రాణం మీదికి వస్తుంది. తెలంగాణ జొన్న నేలల్లో ఈ జబ్బు బాగా కనిపించేది. దాని గుట్టు వెతకడంలో హైదరాబాదు పరిశోధకుల పాత్ర చాలా పెద్దది.

జబ్బును మొదట వర్ణించినవాడు స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్, 1735లో. 1771లో ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో ఫ్రాపోల్లి దీనికి పెల్లాగ్రా అని పేరు పెట్టాడు. గరుకు చర్మం అని దాని అర్థం. రెండు చోట్లా రోగులు మొక్కజొన్న మీద బతికే పేదలే. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో జబ్బు విజృంభించినప్పుడు అది అంటువ్యాధి అనుకున్నారు. 1914లో ప్రభుత్వం పంపిన వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ పిచ్చాసుపత్రులకూ అనాథాశ్రమాలకూ వెళ్లి ఒక సంగతి కనిపెట్టాడు: లోపల ఉన్నవారికే జబ్బు వస్తోంది, వారిని కనిపెట్టుకుని ఉండే సిబ్బందికి రావడం లేదు. తేడా పళ్లెంలో ఉందని ఆయన గ్రహించాడు. ఆ పళ్లెంలో లోపించిన పదార్థం నికోటినిక్ ఆమ్లమని, అంటే నయాసినేనని, 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ కుక్కలకొచ్చే నల్లనాలుక జబ్బు ద్వారా తేల్చాడు. ఆ వెంటనే టామ్ స్పీస్ బృందం దాన్ని రోగులకు ఇచ్చింది. చర్మం మానడానికి వారాలు పట్టినా, మనసు మాత్రం కొద్ది రోజుల్లోనే తేరుకునేది. విటమిన్‌తో మనోవ్యాధి నయమవుతుందనడానికి అంతటి తిరుగులేని రుజువు అంతకుముందు లేదు.

దక్కనులో కథ వేరు. ఇక్కడి పేదల తిండి మొక్కజొన్న కాదు, జొన్న. సంగారెడ్డి, పటాన్‌చెరు, కిష్టారెడ్డిపేటల వంటి ఊళ్లున్న పాత మెదక్ జిల్లాలో రొట్టె అయినా గటక అయినా జొన్నతోనే. మొక్కజొన్నలో నయాసిన్ ఒంటికి అందని రూపంలో కట్టుబడి ఉంటుంది. పైగా శరీరం నయాసిన్‌గా మార్చుకోగల ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కూడా అందులో తక్కువ. జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువ కాదు. మరి జొన్న తినేవారికి పెల్లాగ్రా ఎందుకు రావాలి?

ఈ ప్రశ్నను చేపట్టింది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకున్న సంస్థ అది. నగరానికి రావడంతో జొన్న తినే రోగులు పరిశోధకుల వాకిటికే వచ్చారు. ఒకప్పుడు కొన్ని ఋతువుల్లో హైదరాబాదు మానసిక వైద్యశాలలో చేరేవారిలో 8 నుంచి 10 శాతం మంది పెల్లాగ్రా రోగులేనని ఇక్కడి వైద్యులు నమోదు చేశారు. మతి తప్పిందని ఇంటివాళ్లు తీసుకొచ్చిన మనిషికి కావలసింది కడుపునిండా కలగలుపు తిండి, కాసిన్ని విటమిన్ మాత్రలు. ఈ చరిత్ర మొత్తంలో గుండెను పట్టేసే విషయం ఇదే.

1960లో ఈ సంస్థ పరిశోధకులు కొలత్తూర్ గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య లాన్సెట్ పత్రికలో ఒక వివరణ ప్రచురించారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి ఉంటుందనీ, ట్రిప్టోఫాన్ నయాసిన్‌గా మారే దారికి అది అడ్డుపడుతుందనీ వారి వాదన. తర్వాతి పరిశోధనలు మనసు వైపు తిరిగాయి. ట్రిప్టోఫాన్‌కు శరీరంలో రెండు దారులున్నాయి: ఒకటి నయాసిన్ వైపు, రెండోది మనోస్థితితో సంబంధమున్న సెరటోనిన్ వైపు. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి 1 మిల్లీగ్రాము నయాసిన్ తయారవుతుంది. ఈ సంస్థలోనే 1968లో పెల్లాగ్రా రోగుల మెదడు విద్యుత్ తరంగాలను పరిశీలించారు. 1970లో కమలా కృష్ణస్వామి, పి.ఎస్.వి. రమణమూర్తి ఈ రోగుల మానసిక మార్పులనూ, రక్తంలోని ప్లేట్‌లెట్లలో ఉండే సెరటోనిన్‌నూ కలిపి అధ్యయనం చేశారు. మరుసటి ఏడాది, లూసిన్‌కు విరుగుడుగా ఐసోలూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఇస్తే చర్మం, మెదడు తరంగాలు ఎలా మారతాయో కృష్ణస్వామి, గోపాలన్ పరీక్షించారు. దిగులును తిండి రసాయనంతో ముడిపెట్టి కొలిచిన ఈ పని, యంత్రసామగ్రి అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో జరిగిందని గుర్తుంచుకోవాలి.

లూసిన్ సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదు. వేరే ప్రయోగశాలల్లో అవే ఫలితాలు రాలేదు. ట్రిప్టోఫాన్ నయాసిన్‌గా మారడానికి విటమిన్ బి6 కూడా కావాలి కాబట్టి, ఆ లోపం పాత్ర కూడా ఉండవచ్చని హైదరాబాదు బృందమే తర్వాత చూపింది. వాదం తెగకపోయినా అసలు పాఠం చెదరలేదు. నేరం జొన్నది కాదు, పప్పూ పాలూ కూరా లేకుండా జొన్న ఒక్కటే తినవలసి వచ్చిన పేదరికానిది. 1972లో పటాన్‌చెరులో వెలసిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నేటికీ జొన్న మీద పనిచేస్తోంది; పప్పుతో, ఆకుకూరతో కలిపి తింటే అది చక్కని ఆహారమే. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకంతో, మారిన తిండితో జొన్న వాడకం తగ్గి, పెల్లాగ్రా కూడా తగ్గుముఖం పట్టింది.

మనోవ్యాధులకు విటమిన్లను వాడి చూసిన ఈ చరిత్రలో ఇంకో తెలుగు పేరు యల్లాప్రగడ సుబ్బారావుది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం అనే బి విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసింది. దాన్ని రక్తహీనత, స్ప్రూ రోగుల మీద ప్రయోగించి చూసినవారిలో నయాసిన్ పరీక్షించిన టామ్ స్పీస్ కూడా ఉన్నాడు. 1960ల నుంచి దిగులు రోగుల్లో ఈ విటమిన్ (ఫోలేట్) లోపం కనిపించడంతో దీన్ని మనోవ్యాధులకు వాడే ఆలోచన పుట్టింది. 2000లో బ్రిటన్‌లో ఏ. కాపెన్, జె. బెయిలీ 127 మందికి దిగులు మందు ఫ్లూయాక్సెటిన్ ఇస్తూ, వారిలో కొందరికి దానితో పాటు రోజుకు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఇస్తే స్త్రీలలో మేలు కనిపించింది. వేల్స్‌లో జరిపిన మరో పరీక్ష 2014లో వెలువరించిన ఫలితాల్లో 5 మిల్లీగ్రాముల మోతాదు ఇచ్చినా ప్రయోజనం తేలలేదు.

లోపం ఉందో లేదో చూడకుండా విటమిన్ ఇచ్చి చూసిన ప్రయత్నాలు ఇంకా నిరాశపరిచాయి. 1950లలో కెనడాలో ఏబ్రమ్ హోఫర్, హంఫ్రీ ఆస్మండ్ స్కిజోఫ్రీనియాకు నయాసిన్ పెద్ద మోతాదులో వాడారు. 1973లో అమెరికా మనోవైద్యుల సంఘం ఆ వైద్యానికి ఆధారం లేదని తేల్చింది. విటమిన్ డి విషయంలో 2020లో వెలువడిన పరీక్షలో 18,353 మంది పాల్గొన్నారు. రోజుకు 2,000 యూనిట్లు వేసుకున్నా దిగులు రావడం తగ్గలేదు.

ఇప్పుడు పెల్లాగ్రా ఎక్కువగా కనిపించేది సరిగా తిండి తినకుండా మద్యానికి బానిసలైనవారిలో. క్షయకు వాడే ఐసోనియాజిడ్ బి6ను దెబ్బతీస్తుంది కాబట్టి ఆ మందు వాడేవారికీ ఈ ముప్పు ఉంది. అందుకే వారికి బి6 కలిపి ఇస్తారు. మద్యం మానిన రోగి మతి తప్పితే అది మానేయడం వల్ల వచ్చిన వికారమని సరిపెట్టుకోకుండా చర్మాన్నీ నోటినీ కూడా చూడాలి. పెల్లాగ్రా అని తేలితే నయాసిన్‌కు మరో రూపమైన నికోటినమైడ్‌ను రోజుకు 300 మిల్లీగ్రాముల చొప్పున విడతలుగా ఇస్తారు. బి విటమిన్ల లోపాలు తరచూ కలిసే వస్తాయి కాబట్టి బి కాంప్లెక్స్ కూడా తోడు చేసి, పాలు, గుడ్లు, పప్పులున్న భోజనం పెడతారు.