స్థపతి యెలిజబెతు స్కాటు: కర్తృత్వవిచారము

ఒక గ్రంథమునకుఁ గర్త యెవ్వఁడను విచారము సాహిత్యపరిశోధకులకు నిత్యపరిచితము. తాళపత్రములో నొక పేరు, గద్యలో నొక పేరు, లోకప్రసిద్ధిలో వేఱొక పేరు నుండుట మన మెఱుఁగనిది గాదు. ఇట్టి విచారము కట్టడములకును బొసఁగును. ఇటుకలు పేర్చినవారు కొందఱు, ద్రవ్య మిచ్చినవారు కొందఱు, పటము వ్రాసినవారు కొందఱు. వీరిలోఁ గర్త యనఁదగినవా రెవ్వరు? ఇంగ్లండునందలి స్ట్రాట్‌ఫర్డు పట్టణమున, ఏవన్ నదీతీరమున వెలసిన షేక్స్పియరు స్మారకనాటకశాలయు, దానిని గల్పించిన యెలిజబెతు స్కాటు చరిత్రమును ఈ ప్రశ్నకు మిక్కిలి తగిన యుదాహరణములు. బ్రిటనులో నొక ముఖ్యమైన ప్రజాభవనమునకు స్త్రీ స్థపతి యగుట కిదియే మొదలని చరిత్రకారులు చెప్పుదురు.

ఈమె 1898 వ సంవత్సరము సెప్టెంబరు 20 వ తేదిని ఇంగ్లండు దక్షిణతీరమునందలి బోర్న్‌మతు పట్టణమున జన్మించెను. తండ్రి శస్త్రవైద్యుఁడు. వంశము మాత్రము వాస్తువిద్యకుఁ బేరెన్నికగన్నది. సర్ జార్జి గిల్బర్టు స్కాటును, జార్జి ఫ్రెడరిక్ బాడ్లీయు నీమెకుఁ దాతవరుసవారు. వీరిలో గిల్బర్టు స్కాటు పేరు మనదేశమునకుఁ గొత్తది గాదు. బొంబాయి విశ్వవిద్యాలయపు సభామందిరమును, రాజాబాయి గడియారపుగోపురమును ఆయన వ్రాసి పంపిన పటముల ననుసరించి లేచినవే. లివర్‌పూలు మహాదేవాలయమును నిర్మించిన జైల్సు గిల్బర్టు స్కాటు ఈమెకు జ్ఞాతి. అయినను వంశవిద్య యాఁడుబిడ్డకుఁ దనంతట సంక్రమించు కాలము గాదది. ఈమె పుట్టిన యేఁటనే బ్రిటిషు స్థపతుల రాజసంఘము మొట్టమొదటిసారిగా నొకస్త్రీని సభ్యురాలిఁగాఁ జేర్చుకొనెను. లండనులోని వాస్తువిద్యాపాఠశాల 1917 వఱకు స్త్రీలకుఁ దలుపు దెఱవలేదు. పదునాలుగేండ్ల ప్రాయమువఱకు నింటనే చదువుకొనిన యెలిజబెతు, 1919 లో నా పాఠశాలఁ బ్రవేశించి 1924 లోఁ బట్టము గాంచెను.

స్ట్రాట్‌ఫర్డులో 1879 లోఁ దెఱవఁబడిన తొలి స్మారకనాటకశాల 1926 వ సంవత్సరము మార్చి 6 వ తేదిని అగ్నికి నాహుతి యయ్యెను. నాటకసమాజమువారు కొంతకాలము పట్టణమునందలి సినిమాశాలలోఁ బ్రదర్శనములు నడపుకొనవలసి వచ్చెను. క్రొత్తశాలకై నిర్వాహకులు పోటీని బ్రకటింపఁగా డెబ్బదికిఁ బైగాఁ బటములు వచ్చినవి. అప్పటి కెలిజబెతు, మారిసు చెస్టర్టను అను స్థపతి కార్యాలయమునఁ బనిచేయుచుండెను. సహాధ్యాయులైన యాలిసన్ స్లే, జాన్ షెపర్డు అనువారి సాహాయ్యముతో నామె తన పటమును సిద్ధము చేసెను. 1928 జనవరిలో ఫలితము వెలువడినప్పుడు విజేత యీమెయే. అప్పటికి వయస్సు ఇరువదితొమ్మిదేండ్లు.

ఇచ్చట వ్యాకరణమర్యాద నించుక స్మరింపవలయును. క్రియాసిద్ధియందు స్వతంత్రుఁడైనవాఁడు కర్త. వానిని బ్రేరేపించువాఁడు ప్రయోజకుఁడు. తోడ్పడు సాధనము కరణము. ధనమిచ్చి కట్టించిన సమితివారు ప్రయోజకులు. చేయూతనిచ్చిన మిత్రుల నుపకారకులనవచ్చును. చెస్టర్టనును, షెపర్డును, ఎలిజబెతును గూడి నిర్మాణభారమును వహించుటకై భాగస్వాములైరి. అయినను నిర్మాణమునకు రూపమిచ్చిన సంకల్పమందలి స్వాతంత్ర్య మామెదే. కావునఁ గర్తృత్వమును నామెదే.

అయితే వైయాకరణులు మఱియొకమాటయుఁ జెప్పుదురు. కారకము వివక్ష ననుసరించును. వంటవానిని విడిచి, కుండ వండుచున్నదని పలికినచోఁ గుండయే కర్త యగును. ఆనాఁటి వార్తాపత్రికలు చేసిన దిట్టిదే. నాటకశాల యెట్లుండునో వ్రాయుటకంటె, ఒక యువతి పురుషులనందఱ నోడించెనని వ్రాయుట వారికి రుచించెను. పటమును వ్రాసినది స్థపతి. పత్రికల వివక్షలో దానిని వ్రాసినది స్త్రీత్వము. ఈ ప్రశంసలోనే ముందు రాఁబోవు నిందకు బీజము గలదు.

క్రొత్తశాల 1932 వ సంవత్సరము ఏప్రిలు 23 వ తేదిని, షేక్స్పియరు జన్మదినోత్సవమునాఁడు, నాఁటి వేల్సు యువరాజుచేఁ దెఱవఁబడెను. పూర్వపుశాల గోపురములతో, శిఖరములతో మధ్యయుగపు వేషము దాల్చియుండఁగా, ఇది యలంకారమును మితపఱచి, ప్రయోజనమే రూపమునకు మూలమను నవ్యసంప్రదాయము ననుసరించినది. తెరలను, దృశ్యపటములను బైకెత్తుటకు వలయు నెత్తైన రంగభాగమును గప్పిపుచ్చక, ఇటుకగోడలతోనే పైకిఁ గనఁబఱచినది. గోడపై నెరిక్ కెన్నింగ్టను ఇటుకలలోఁ జెక్కిన శిల్పములు మాత్ర మలంకారములు. జార్జి బెర్నార్డుషా యీ కల్పనను గట్టిగా సమర్థించెను. పలువురు దీనిని జాముచేయు కర్మాగారమని పరిహసించిరి. సంగీతవిద్వాంసుఁ డెల్గారు చూడవచ్చి, కట్టడమును, కట్టినయామెను దూషించి, లోపల నడుగిడుటకే యొప్పుకొనలేదని చెప్పుదురు.

నిందలన్నియు నిర్మూలములు గావు. ప్రేక్షకులకును నటులకును నడుమ దూర మధికమని నటులు చిరకాలము మొఱపెట్టిరి. మన భరతుఁడు నాట్యమండపలక్షణము చెప్పుచు, మండపము మితిమీఱి పెద్దదైనచోఁ బాఠ్యము స్ఫుటముగా వినఁబడదనియు, ముఖమునందలి భావము కానరాదనియు హెచ్చరించినాఁడు. స్ట్రాట్‌ఫర్డుశాలకుఁ బట్టిన దోష మిదియే. కాని యా దోషమునకుఁ గర్త యెవరు? రంగస్థలవిషయమున నామె, సమాజమునకు దర్శకుఁడైన బ్రిడ్జెసు ఆడమ్సు మొదలగు నాటకనిపుణుల మాటను బాటించెను. చట్రమువంటి ముఖద్వారమువెనుక నటు లాడుట యా కాలపు నాటకశాలల కెల్ల సామాన్యధర్మము. గుణము చెప్పవలసివచ్చినప్పుడు సహాయులను బేర్కొని యామె భాగమును దగ్గించుటయు, దోషము చెప్పవలసివచ్చినప్పు డుపదేశకులను మఱచి యామె నొక్కతెనే కర్త్రిగా నిలుపుటయు న్యాయము గాదు. కర్తృలక్షణము గుణదోషముల రెంటికి నొక్కటియే కావలయును.

తరువాతి జీవితము నిరాడంబరము. స్త్రీల యభ్యుదయమునకై పాటుపడు సంఘములతోఁ గలసి పనిచేసి, వీలయినచోట స్త్రీస్థపతులను దన పనులలోఁ జేర్చుకొనెను. కేంబ్రిడ్జియందలి న్యూన్‌హాము స్త్రీకళాశాలలోని ఫాసెట్టుభవనము (1938) ఆమె కృతులలో నొకటి. రెండవ ప్రపంచయుద్ధానంతరము బోర్న్‌మతునకు మరలి, 1960 తరువాతి దశకమునఁ బురపాలకసంఘపు వాస్తుశాఖలోఁ జేరి, సముద్రపువంతెనపై నాటకశాలా నిర్మాణమునఁ బాల్గొనెను. 1968 లో విరమించి, 1972 వ సంవత్సరము జూను 19 వ తేదిని మరణించెను. స్ట్రాట్‌ఫర్డుశాలవంటి ఖ్యాతిని దెచ్చిన కార్యము మఱల నామెకు లభింపలేదు. జయించిన తరువాతఁ గూడఁ బెద్దపనులు చేతికి రాకుండుటను నామె సామర్థ్యలోపముగా నెంచుటకంటె నాఁటి సంఘముయొక్క సంకోచముగా నెంచుట సమంజసము.

1961 లో నాశాలకు రాయల్ షేక్స్పియరు నాటకశాల యను పేరు వచ్చెను. 2007 మొదలు 2010 వఱకు జరిగిన పునర్నిర్మాణమున లోపలిరంగమును మార్చి, ప్రేక్షకులు మూఁడువైపుల నుండునట్లు ముందునకుఁ జొచ్చుకొనివచ్చు వేదికను గట్టిరి. ఆమె ముఖభాగమును, ప్రవేశమందిరమును మాత్రము నిలిపియుంచిరి. దోషము తొలఁగినది, కర్తృచిహ్నము నిలిచినది. 2015 లో వెలువడిన బ్రిటిషు పాస్‌పోర్టుపుస్తకమునఁ జిత్రింపఁబడిన యిరువురు స్త్రీలలో నీమె యొకతె. రెండవయామె గణితవేత్త్రి ఏడా లవ్‌లేసు.

సూత్రమునఁ గనఁబడు లింగము వివక్షితము గాదని శాబ్దికుల సిద్ధాంతము. స్థపతిశబ్దము పుంలింగమైనంతమాత్రమున స్థపతి పురుషుఁడే కావలయునని శాస్త్రము చెప్పదు. ఎలిజబెతు స్కాటు చరిత్రమును మనవారికి బోధించువారు, తొలి స్త్రీ యను విశేషణముతో నాఁపక, విశేష్యమైన కృతివఱకుఁ బోవుదురుగాక. శాల నిలిచియున్నది, విచారింప నుత్సహించువారికిఁ బటములును నున్నవి.