క్రిస్మసు అరిసెలు

మా ఖమ్మం వైపు డిసెంబరు మూడో వారానికే అరిసెల పాకం వాసన వీధిలోకి వచ్చేస్తుంది. సంక్రాంతి యింకా మూడు వారాలుండగానే యీ హడావిడేమిటా అని కొత్తగా కాపరానికొచ్చిన కోడలు పిల్లలు ఆశ్చర్యపోతారు. అది క్రిస్మసు వాసన! కేకు నిన్నగాక మొన్న వచ్చిన చుట్టం. మన ప్రాంతపు క్రిస్మసుకి అరిసే పెద్ద ముత్తైదువ.

ఆవిడ చర్చి వాకిట్లోకి ఎలా వచ్చిందో చూద్దామంటే గోదావరి ఒడ్డుకి వెళ్ళాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొరగారి చూపు ఎగువ గోదావరి మీద పడింది. మధ్య పరగణాల పత్తి పడవలెక్కి సముద్రానికి చేరాలని ఆయన ఆశ. నదిలో బండరాళ్ళు అడ్డొచ్చినచోట ఆనకట్టలూ, లాకులూ కట్టాలన్నారు. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెంలో ఆ పని చూసిన ఇంజనీరు హేగ్. ఆయన దగ్గర వుద్యోగం చేసిన వెంకటరామరాజుగారు క్రైస్తవం పుచ్చుకుని, 1860ల్లో అక్కడి కోయవాళ్ళ మధ్య మత ప్రచారానికి పూనుకున్నారు. 1871లో ప్రభుత్వం ఖర్చు భరించలేక పడవల దారి పని ఆపేసింది. మిషన్ మాత్రం ఆగలేదు. తరవాత జాన్ కెయిన్ అనే ఫాదరీగారు దుమ్ముగూడెంలో వుండి, 1876 నుంచి భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించీ, కోయల ఆచారాల గురించీ ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో వ్యాసాలు రాశారు.

ఈ తాలూకా ఎన్ని చేతులు మారిందో చూడండి. 1860 దాకా నైజాం, ఆపైన మధ్య పరగణాలు, 1874లో మద్రాసు వారి గోదావరి జిల్లా, 1959లో ఖమ్మం, 2016లో భద్రాద్రి కొత్తగూడెం. మధ్యలో 2014లో పోలవరం ముంపు గ్రామాలు ఆంధ్రలోకి వెళ్ళిపోయాయి. సరిహద్దు రాళ్ళు యిన్నిసార్లు కదిలినా వంటింట్లో పొయ్యిరాళ్ళు మాత్రం కదల్లేదు. అడవంచు పల్లెలో కేకు కాల్చడానికి ఓవెన్ ఎక్కడిది? వెన్న, మైదా ఎక్కడివి? మూకుడు మాత్రం ప్రతి యింట్లోనూ వుంది. పైగా డిసెంబరంటే వడ్లు యింటికొచ్చే వేళ. కొత్త బియ్యం చేతిలో వున్న ఆడవాళ్ళు పండగొస్తే ఏం చేస్తారు? నానబోసి దంచుతారు!

ఇక దోర్నకల్ సంగతి. 1912 డిసెంబరు 29న, క్రిస్మసు వెళ్ళిన నాలుగో రోజున, అజరయ్యగారు దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పీఠమెక్కిన మొదటి భారతీయుడాయన. ఆయన కట్టించిన పెద్ద గుడి 1939లో ప్రతిష్ఠ అయింది. స్తంభాలు మన దేవాలయాల తీరు, గుమ్మటాలు మసీదుల తీరు. ఆ గుడిని చూసొచ్చినవాళ్ళకి అరిసె క్రిస్మసు పిండివంట ఎందుకయిందో వేరే చెప్పక్కర్లేదు.

1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలయ్యాక రైళ్ళూ, కాలనీలూ వచ్చాయి. కాజీపేట లాంటి రైల్వే వూళ్ళలో ఆంగ్లో ఇండియన్ ఆడవాళ్ళు క్రిస్మసుకి ‘కల్‌కల్’ అనే తీపి చేసేవారు. పిండి ముద్దని ఫోర్కు వీపున దొర్లించి, వేయించి, పంచదార పట్టించడం. అవి మన గవ్వలు కావూ! మనకి గవ్వల పీట, వాళ్ళకి ఫోర్కు, అంతే తేడా. అచ్చుని పిండిలో ముంచి కాగే నూనెలో వదిలే గులాబీ పువ్వుల్ని కూడా వాళ్ళు ‘రోజ్ కుకీ’లంటారు. ఎక్కడో స్వీడన్‌లోనూ క్రిస్మసుకి అలాంటి అచ్చుతోనే పువ్వులు వేయిస్తారట. ఆడవాళ్ళ చేతులు ఏ దేశంలోనయినా ఒకేలా ఆలోచిస్తాయి కాబోలు.

ఈ వంటలకి ఓ ప్రణాళిక వుంది సుమండీ. నాకు తెలిసిన ఒక టీచరమ్మగారు డిసెంబరు ఒకటిన బియ్యం కొలవదు, పళ్ళేలు లెక్కపెడుతుంది. “ఎన్ని యిళ్ళకి పంపాలో తేలాకేనండీ ఎన్ని మానికలు నానెయ్యాలో తేలేది” అంటుంది. ముందు నిలవుండేవి: చెక్కలు, జంతికలు, గవ్వలు. తరవాత అరిసెలు. కజ్జికాయల్లో పచ్చికొబ్బరి పెడితే రెండోరోజుకే పాడవుతాయి గనక ఎండుకొబ్బరి, నువ్వులు, పంచదార. గులాబీ పువ్వులకి అచ్చు నూనెలో బాగా కాగాలి, పిండిలో ముప్పావు వంతే మునగాలి. పూర్తిగా మునిగిందా, పువ్వు అచ్చుని వదలదు. బూరెలూ, గారెలూ పండగ తెల్లవారుజామునే.

ఇంతా చేసి, ఆ పళ్ళెం ఎవరింటికి వెళ్ళేది? అసలు చరిత్ర అక్కడుంది. దోర్నకల్ ప్రాంతంలో క్రైస్తవంలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్ళు. వూరి పెద్దిళ్ళల్లో వాళ్ళ చేతి వంట ముట్టేవారు కాదు. అందుకని పండగకి ఆ యిళ్ళకి అరటిపళ్ళూ, కొబ్బరికాయా, పంచదారా పంపేవారు. బ్రాహ్మణుడికి స్వయంపాకం యిచ్చినట్టు! మాలలకీ మాదిగలకీ మధ్య కూడా కంచం పొత్తు లేని రోజులవి. అలాంటివాళ్ళు చర్చిలో ఒకే రొట్టె, ఒకే గిన్నె పంచుకోవడం చిన్న సంగతి కాదు. ఆ గిన్నె బల్ల దాటి వీధిలోకి రావడానికి యింకెంత కాలం పట్టిందో మనందరికీ తెలుసు. ఇప్పటికీ పళ్ళెం పుచ్చుకుని నవ్వి, తలుపు మూశాక పనిమనిషి చేతికిచ్చేసే యిళ్ళు లేవంటారా?

అడవివైపు లెక్క వేరు. కోయవాళ్ళు కొత్త పంట ఏదయినా ముందు దేవతకి పెట్టి, కొత్తల పండగ అయ్యాకే తింటారు. వేసవి మొదట్లో రాలిన ఇప్పపువ్వు ఏరి, ఎండబెట్టి దాచుకుంటారు. ఇప్ప గింజల నూనె వంటకి వాడతారు. ఇప్పపువ్వంటే సారాయేనని మనవాళ్ళు చాలాకాలం చిన్నచూపు చూశారు. ఇప్పుడు అదే పువ్వు లడ్డూ అయి ఆసుపత్రి సలహాల్లో, బడి పిల్లల చేతుల్లో కనిపిస్తోంది. ఒకప్పుడు పొలాల్లో కూలికెళ్ళిన భద్రాచలం ఆడవాళ్ళు స్వయం సహాయక సంఘంగా చేరి, చిరుధాన్యాలతో ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ పేరున బిస్కట్లు చేస్తున్నారు. అవి హైదరాబాదు నుంచి లండన్ దాకా వెళుతున్నాయని 2025 జూన్‌లో ప్రధానమంత్రి రేడియోలో చెప్పారు. దొరల దేశంనుంచి కేకు యిక్కడికొచ్చింది, మన కొర్రలూ సామలూ పండే నేలనుంచి బిస్కట్లు అక్కడికెళ్ళాయి. బాకీ తీరిపోయినట్టే!

పళ్ళెం ఖాళీగా తిరిగి పంపకూడదని మన పెద్దవాళ్ళంటారు. మీ యింటికీ ఈ డిసెంబరులో ఒక పళ్ళెం రావచ్చు. దాన్ని సంక్రాంతికి మీ అరిసెలతో తప్పక తిప్పి పంపండి. అయితే అంతకన్నా ముందు చెయ్యాల్సింది ఒకటుంది. తెచ్చిన పిల్లని గుమ్మంలో నిలబెట్టి “అక్కడ పెట్టమ్మా” అనకండి. లోపలికి పిలిచి, ఆ పిల్ల చూస్తుండగా ఒక అరిసె తుంచి నోట్లో వేసుకోండి. “పాకం బాగా కుదిరిందని మీ అమ్మతో చెప్పు” అనండి.