వట్టిపోయిన ఆవు పొదుగు

మన పశువులకు దేశాంతరములయందు గల పేరు మీరెరుగనిది కాదు. మనము ఒంగోలుజాతి యనెడి పశువునే బ్రెజిలు దేశస్థులు నేటికిని నెలోరె యని పిలుచుచున్నారు. 1904లో గుంటూరు జిల్లా యేర్పడువరకు ఒంగోలు తాలూకా మన నెల్లూరు జిల్లాలోనిదే గావున ఆ పేరు తప్పు గాదు. ఆ జాతి నెవరు పొగడినను ఎద్దుల మూపురమును, నడకను, బరువులాగు సత్తువను పొగడుదురు. నేను చెప్పదలచినది ఆవు పొదుగును గూర్చి; అందును పాలీయని దినముల పొదుగును గూర్చి. పాలు లేని పొదుగునకు చరిత్ర యేమి యని మీరు నవ్వవచ్చును. నేనును ఒకప్పుడట్లే తలచితిని.

పూర్వము మన రైతులు ఆవును పెంచినది ముఖ్యముగ కోడెదూడకొరకు. దూడ కుడువగా మిగిలినవే యింటివారి పాలు. చూలు ముదిరినకొలది పాలు తమంత తామే సన్నగిల్లి ఆవు వట్టిపోయెడిది. నాటినుండి తవుడును చెక్కయు పాడియావులకు, బీడు వట్టియావునకు. పాలు లేనిచో పొదుగునకు రోగ మెక్కడిదని అందరి నమ్మకము.

చాల యేండ్లక్రిందట మా యింట నొక చూడియావు కార్తికపు వానలలో వారములతరబడి పేడబురదలోనే పరుండెను. కొట్టము బాగుచేయుట పాడియావులున్న వైపే జరిగెను; ఆ లోపము నాదే. ఈనిన మూడవనాడు పొదుగున ఒక భాగము రాయివలె గట్టిపడి, పిండగా పచ్చని నీరును తరకలును వచ్చెను. దృష్టి తగిలినదని ఉప్పు మిరపకాయలు దిగదుడిచితిమి, పసుపు పట్టించితిమి. పశువైద్యుని పిలుచునప్పటికి కాలము మించెను. ఆ చన్ను మరల పాలు చూడలేదు. దూడ దానిని నోటబట్టి విడిచి ప్రక్కదానికి పోవుట నే నెన్నినాళ్లో చూచితిని.

రోగము ఈనినపిదప పుట్టినదని నే ననుకొంటిని. అది అంతకు మునుపే లోన ప్రవేశించి యుండవచ్చునని పిమ్మట చదివి తెలిసికొంటిని. సూక్ష్మజీవులవలన పొదుగువాపు ఆవునుండి ఆవునకు అంటుకొనునని 1887లో ఫ్రాన్సుదేశమున నోకార్, మొలెరో అను నిరువురు వెల్లడించిరి. 1950లో ఇంగ్లండులోని షిన్‌ఫీల్డు పాడిపరిశోధనాలయమువారైన నీవ్, డాడ్, హెన్రిక్స్ అనువారు వట్టికాలపు పొదుగును గూర్చియే ప్రత్యేకముగ వ్యాసము ప్రకటించిరి. పిదుకుట మానిన తొలిదినములలోనే క్రొత్త అంటు హెచ్చుగ సోకునని తేలెను.

కారణము వినుడు. పిదుకునంతకాలము చన్నురంధ్రమున చేరిన క్రిములలో చాలభాగము ధారతో వెలికి పోవుచుండును. పిదుకుట మానగానే ఆ కడుగుట నిలిచిపోవును. పొదుగు నిండి బిగిసిన పశువునకు పాలు కారి రంధ్రము తెరచుకొనును. కొన్నాళ్లకు చన్నుకొనలో మైనమువంటి బిరడా యొకటి తనంత తానే యేర్పడి ద్వారము మూసివేయును. అన్ని చన్నులును ఒక్కమారే మూసుకొనవు. కొన్ని ఈనువరకు మూసుకొననే మూసుకొనవు. ఈనబోవు దినములలో ఆ బిరడా సడలును గావున మరల భయము. లోన చేరిన క్రిమి ఈనినపిదపనే తరచుగ బయటపడును.

దీనికి ప్రతిక్రియగా, కడపటి పిదుకుట కాగానే ప్రతి చన్నులోను చిరకాలము పనిచేయు క్రిమినాశకౌషధ మెక్కించు పద్ధతి 1960 తరువాత పాశ్చాత్యదేశములలో వ్యాపించెను. మేలు కలిగినమాట నిజము. కాని అవసర మున్నను లేకున్నను ఔషధము వాడినచో క్రిములు దానికి లొంగకుండునని భయపడి, 2022 జనవరి 28 నుండి ఐరోపా సమాఖ్యవా రట్టి వాడుకను నిషేధించిరి. ముందు పాలు పరీక్షింపవలెను. 1957లో షాల్మ్, నూర్లాండర్ అనువారు ప్రకటించిన కాలిఫోర్నియా పరీక్ష సులభమైనది. పళ్లెములో పాలును ద్రావకమును కలిపి త్రిప్పగా, చెడిన పాలు జిగురువలె చిక్కబడును. రోగము లేని చన్నునకు బిస్మతు లవణపు ముద్దతో లోపలనే మూత వేయు ఉపాయమును కలదు.

మనకు జెర్సీ మొదలగు సంకరజాతులు వచ్చినపిదప ఈ విషయము ముఖ్యమైనది. ఒంగోలావు తానే వట్టిపోవును; ఈ యావు మనము మాన్పినగాని మానదు. ఈనుటకు సుమారు 60 దినములు ముందుగ దాణా తగ్గించి, పాలు తగ్గినపిదప ఒకనాడు పూర్తిగ పిండి యంతటితో మానవలెను. మన పల్లెలలో రెండుమూడు దినముల కొకసారి ‘చూతమని’ చన్ను లాగు అలవాటు కలదు. ఆ లాగుట బిరడాను పెరికివేయుటయే. కంటితో చూడుడు, అరచేత తడవుడు. వేడియు వాపును కనబడిననాడే వైద్యునికి చెప్పుడు.

మిగిలినది పడక. మనకు ఈశాన్యపు వానలు ఆశ్వయుజ కార్తికములలో పడును. ఆ దినములలో చూడియావునకు పొడినేల దొరకదు. ఇందుకు పొడియిసుకను మించిన పరుపు లేదని పాడిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. గడ్డిలోవలె అందు క్రిములు వృద్ధి కావు. ఇసుక మన తీరమునకు కొరతయా! లారీలకెక్కి పోవునది పోగా మిగిలినది చాలును. వానలకు మునుపే రెండు బండ్ల ఇసుక చూరుక్రింద పోయించి, పేడపడినచోట తీసి క్రొత్తది చల్లుచున్నాను.

ఔషధము వేసినచో ఆ తేదియు, ఈనవలసిన తేదియు కొట్టపు గోడమీద బొగ్గుతో వ్రాయుదును. ఈనినపిదప ఎన్నినాళ్లు ఆ పాలు వాడరాదో వైద్యు నడిగి అదియు క్రిందనే వ్రాసియుంతును. మా మనుమరాలు దానిని చదివి చెప్పినగాని పాలకేంద్రమునకు చెంబు కదలదు.