అసలు ఎక్కడ, నకలు ఎక్కడ

కొత్త ఐఫోన్ ఆన్ చేసి, భాష ఎంచుకుని, వైఫై కలిపాక తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. పాత ఫోన్లో ఉన్నవన్నీ ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు, ఐక్లౌడ్ నుంచా, కంప్యూటర్ నుంచా? తొందరలో ఉన్నవాళ్లు పైన ఏది కనిపిస్తే దాన్ని నొక్కేస్తారు. ఆ రెండు వరుసల వెనక సుమారు ముప్పయ్యేళ్ల చరిత్ర ఉంది. మన సమాచారానికి అసలు ప్రతి ఎవరి దగ్గర ఉండాలి, తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి అన్న పంచాయితీయే ఆ చరిత్రంతా.

1996లో అమెరికాలో పామ్ పైలట్ అనే చేతి కంప్యూటర్ వచ్చింది. చొక్కా జేబులో పట్టేది, రెండు చిన్న బ్యాటరీలతో నడిచేది. తొలి మోడల్ మెమరీ 128 కిలోబైట్లు. బ్యాటరీలు పూర్తిగా అయిపోతే అడ్రసులు, అపాయింట్‌మెంట్లు మొత్తం చెరిగిపోయేవి. అయినా ఎవరూ గుండెలు బాదుకోలేదు. రూపకర్త జెఫ్ హాకిన్స్ దాన్ని బల్ల మీది కంప్యూటర్‌కి తోకలాగే ఊహించాడు. యంత్రాన్ని స్టాండులో కూర్చోబెట్టి ‘హాట్‌సింక్’ అనే ఒకే ఒక్క మీట నొక్కితే రెండుచోట్లా లెక్క సరిపోయేది. అసలు కంప్యూటర్లో, నకలు జేబులో.

2002లో వచ్చిన సైడ్‌కిక్ ఈ వరసను తలకిందులు చేసింది. డేంజర్ అనే కంపెనీ తయారుచేసిన ఈ ఫోన్‌ను టీ-మొబైల్ అమ్మేది. తెర పక్కకి తిరిగితే కింద టైపు మీటలు బయటపడేవి. అమెరికా కుర్రకారుకి అదో మోజు. అందులో రాసిన ప్రతి పేరూ, తీసిన ప్రతి ఫొటో కంపెనీ సర్వర్లకు చేరిపోయేది. ఫోన్ పోయినా, కొత్తదాంట్లో లాగిన్ అయితే అన్నీ తిరిగొచ్చేవి. క్లౌడ్ అనే మాట ఇంకా జనం నోట పడకముందే వాళ్లు క్లౌడ్‌లో బతుకుతున్నారు.

2008లో డేంజర్‌ను మైక్రోసాఫ్ట్ కొన్నది. మరుసటి ఏడాది అక్టోబరులో సర్వర్లు కుప్పకూలాయి. ఫోన్లలో మిగిలి ఉన్నవి తప్ప మిగతావి దాదాపు పోయినట్టేనని అక్టోబరు 10న ప్రకటన వచ్చింది. దాంతోపాటే ఇచ్చిన సలహా ఇంకా విచిత్రం: బ్యాటరీ తీయకండి, రీసెట్ చేయకండి, చార్జింగ్ అయిపోనివ్వకండి. ఫోన్‌లో ఉన్నది కరెంటు ఉన్నంతసేపే నిలిచే నకలు కదా, అది కాస్తా ఆరిపోతే ఇక ఏ దిక్కూ లేదు. జనం ఫోన్లను చార్జర్‌కి తగిలించుకుని కూర్చోవాల్సి వచ్చింది. కొన్ని రోజులకు చాలావరకు సమాచారాన్ని వెలికితీశామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆ సంఘటనను క్లౌడ్ బ్యాకప్ వైఫల్యం అంటుంటారు కానీ, నిజానికి అక్కడ వాడేవాళ్ల చేతిలో బ్యాకప్ అన్నదే లేదు. ఉన్న అసలునే పరాయి ఇంట్లో పెట్టారు.

డేంజర్ స్థాపకుల్లో ఒకడైన ఆండీ రూబిన్ అప్పటికే బయటికొచ్చి 2003లో మిత్రులతో కలిసి ఆండ్రాయిడ్ మొదలుపెట్టాడు. 2005లో గూగుల్ దాన్ని కొన్నది. ఆండ్రాయిడ్ ఫోన్ ఆన్ చేయగానే జీమెయిల్ అకౌంట్ అడగడంలో సైడ్‌కిక్ పోలిక కనిపిస్తుంది.

యాపిల్ మాత్రం పామ్ దారినే పట్టింది. 2007 నాటి ఐఫోన్ కొత్తగా తీస్తే, కేబుల్ బొమ్మా ఐట్యూన్స్ గుర్తూ చూపించి మొరాయించేది. కంప్యూటర్‌కి తగిలిస్తే గానీ పని మొదలుపెట్టేది కాదు. అమెరికా నుంచి అన్నయ్యో అల్లుడో తెచ్చిన ఐఫోన్, కంప్యూటర్ లేని ఇంట్లో మెరిసే పలకే. ఆ రోజుల్లో మన దగ్గర చాలామందికి బ్యాకప్ అంటే సిమ్ కార్డే. అందులో ప్రధానంగా పట్టేవి పేర్లూ నంబర్లే. ఫోన్ సిమ్‌తో సహా పోతే ‘నంబర్లన్నీ పోయాయి, మీ పేరుతో మెసేజ్ పెట్టండి’ అని బంధువులందరికీ కబురు వెళ్లేది.

2011 జూన్ 6న యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ వేదిక ఎక్కి, ఇకమీదట కంప్యూటర్‌కి పెద్దరికం లేదు, అదీ మిగతా పరికరాల్లో ఒకటేనని తేల్చేశాడు. అసలు ప్రతి ఇక యాపిల్ సర్వర్లలో. అదే ఐక్లౌడ్. అక్టోబరు 12న అది జనంలోకి వచ్చేనాటికి ఆయన పోయి వారమైంది. ఉచితంగా ఇచ్చింది 5 గిగాబైట్లు. మన దేశంలో చాలామంది ఐఫోన్ వాడకందార్లకి అది కాగితం మీది సౌకర్యమే, ఎందుకంటే త్రీజీ డేటా ఖరీదు ఎక్కువగా ఉండేది. 2016 సెప్టెంబరులో చవక డేటాతో జియో వచ్చాకే రాత్రిపూట ఫొటోలు పైకెక్కించడం సామాన్యుడికి అలవాటైంది.

తాళంచెవి సంగతి 2015 డిసెంబరు నాటి ఒక కేసుతో బయటపడింది. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో కాల్పులు జరిపినవాడి ఐఫోన్ 5సీ అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ చేతికి చిక్కింది, కానీ వెంటనే తెరుచుకోలేదు. ఐక్లౌడ్‌లోని కాపీలను యాపిల్ తెరిచి ఇవ్వగలిగింది, ఇచ్చింది కూడా. చివరి కాపీ మాత్రం అక్టోబరు 19 నాటిది. తెలిసిన వైఫైలో పెట్టి ఫోన్ చేత తాజా బ్యాకప్ చేయించే దారి ఒకటి ఉండేది. తొందరపడి ఐక్లౌడ్ పాస్‌వర్డ్ మార్పించడంతో అది మూసుకుపోయింది. లక్షల మాటలు రాసినా ఇంత సూటిగా తెలియదు: ఫోన్ తాళం ఒకటి, ఐక్లౌడ్ తాళం మరొకటి. రెండోదాని మారుచెవి కంపెనీ దగ్గర ఉంది. కంప్యూటర్ బ్యాకప్‌లో అలా కాదు. ‘ఎన్‌క్రిప్ట్’ అన్న గడిలో టిక్కు పెడితే, ఆ పాస్‌వర్డ్ మరిచిపోయిన యజమానికి ఆ పాత కాపీని యాపిల్ కూడా తెరిచి పెట్టలేదు. టిక్కు పెట్టకపోతే సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్లు, ఆరోగ్య వివరాలు కొత్త ఫోన్‌కి రానే రావు. ఆ చిన్న గడిని పట్టించుకోనివాళ్లే ఎక్కువ.

క్లౌడ్‌లోనూ ఒక మెలిక ఉంది. ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉంటే ఆ ఫొటోలు ఐక్లౌడ్ బ్యాకప్‌లో చేరవు. అవి సింక్ అవుతాయి, అంతే. ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరిగిపోతాయి; తిరిగి తెచ్చుకోవడానికి నెల రోజుల గడువు ఉంటుంది. సైడ్‌కిక్ నాటి చిక్కు కొంచెం నాజూకైన రూపంలో ఇంకా మన జేబుల్లోనే ఉందన్నమాట.

2019 నుంచి పాత ఐఫోన్‌ను పక్కన పెట్టి, మధ్యలో ఎవరూ లేకుండా కొత్తదాంట్లోకి నేరుగా దించుకోవచ్చు. 2022 డిసెంబరులో ఐక్లౌడ్ బ్యాకప్ తాళంచెవిని కూడా వాడేవాళ్లకే వదిలేసే వెసులుబాటును యాపిల్ తెచ్చింది. కావాలనుకున్నవాళ్లు దాన్ని తామే ఆన్ చేసుకోవాలి. బ్రిటన్ ప్రభుత్వం ఒత్తిడితో 2025 ఫిబ్రవరిలో ఆ దేశంలో యాపిల్ దాన్ని వెనక్కి తీసుకుంది. ఉచిత నిల్వ మాత్రం 2011లో ఎంతో ఇప్పుడూ అంతే, 5 గిగాబైట్లు. ఆ ఏడాది ఐఫోన్ 4ఎస్ 16 గిగాబైట్లతో మొదలైంది. 2025 నాటి ఐఫోన్ 17 మొదలయ్యేదే 256తో.